పాచిక తేల్చలేని తగువు: బాణమా, కవచమా

ఆదివారం మధ్యాహ్నం నలుగురైదుగురు రోల్‌ప్లే ఆట ఆడటానికి ఒక టేబుల్ చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్, అంటే కథ నడిపించే మనిషి. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. విలుకత్తె పాత్ర ఆడుతున్న అమ్మాయి, వంతెనకు అడ్డంగా నిలబడ్డ యోధుణ్ణి చూపించి "వాడి గుండెకు గురిపెట్టి కొడుతున్నా" అంటుంది. ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. పదిహేడు. బోనస్ కలిపితే ఇరవై రెండు. తగిలింది.

"ఎలా తగులుతుంది? ఒళ్లంతా ఉక్కు రేకు కదా, బాణం దిగదు" అంటాడు పక్కవాడు. "మరి అజిన్‌కోర్ట్‌లో అంతమంది ఫ్రెంచి వీరులు ఎలా చచ్చారు?" అని ఇంకొకరు. 1415లో ఇంగ్లీషు సైన్యం ఫ్రెంచివాళ్లను ఓడించిన యుద్ధం అది. ఇక ఆట ఆగిపోతుంది. మా టేబుల్ దగ్గర ఈ వాదన ఎన్నిసార్లు లేచిందో లెక్కలేదు. ఇద్దరి దగ్గరా సాక్ష్యం ఉంటుంది, ఇద్దరూ నిజమే చెబుతారు. అయినా తెగదు. ఎందుకు తెగదో తెలియాలంటే యాభై ఏళ్ల కిందటి ఆటల చరిత్ర కొంత, అంతకు ముందు ఎనిమిది వందల ఏళ్ల యుద్ధాల చరిత్ర కొంత తిరగేయాలి.

మొదట ఆట సంగతి. 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 'చైన్‌మెయిల్' అనే నియమాల పుస్తకం తెచ్చారు. అది రోల్‌ప్లే ఆట కాదు. బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలు పేర్చి ఆడే యుద్ధ క్రీడ. మామూలు లెక్కలో ఒక్కో బొమ్మ ఇరవై మంది సైనికులతో సమానం. ఒక్కో మనిషి ఒక్కో మనిషితో తలపడే పద్ధతి కూడా అందులో ఉంది. అక్కడ ఏ ఆయుధం ఏ కవచం మీద ఎంత పనిచేస్తుందో పట్టికలు వేసి చూపించారు. దెబ్బ తగిలిందంటే మామూలు సైనికుడు పోయినట్టే. గాయం, సగం గాయం అనే మాటే లేదు. వందల మంది పోరాడే ఆటలో అంత లెక్క ఎవరికి కావాలి?

1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చినప్పుడు ఆ లెక్క మారక తప్పలేదు. ఇప్పుడు బల్ల మీద ఉన్నది సైన్యం కాదు, నా పాత్ర. నెలల తరబడి నేను పెంచుకున్న మనిషి. ఒక్క దెబ్బకు పోతే ఆట ఎవరూ ఆడరు. అందుకని హిట్ పాయింట్లు వచ్చాయి, దెబ్బ తగిలిన కొద్దీ తగ్గే ప్రాణపు లెక్క. కవచానికి మాత్రం ఒకే ఒక అంకె మిగిలింది: ఆర్మర్ క్లాస్. ఏ కవచమూ లేకపోతే 9, తోలు కవచానికి 7, ఇనుప రింగులు అల్లిన గొలుసు కవచానికి 5, రేకు కవచానికి 3, దానికి డాలు తోడైతే 2. అంకె తగ్గిన కొద్దీ కొట్టడం కష్టం. ఆర్మర్ క్లాస్, హిట్ పాయింట్లు అనే ఆలోచనలు తాను అమెరికా అంతర్యుద్ధపు ఇనుప ఓడల ఆట కోసం రాసుకున్న నియమాల నుంచి తెచ్చానని ఆర్నెసన్ తర్వాత చెప్పాడు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. ఓడకు గుండు తగిలితే రేకు చిల్లు పడిందా లేదా అన్నదే ప్రశ్న. ఎన్ని చిల్లులు పడితే మునుగుతుందన్నది రెండో ప్రశ్న. మనిషి ఓడలాంటివాడు కాదు. అతనికి చంకలుంటాయి, మోకాళ్ల వెనక సందులుంటాయి, ఊపిరి పీల్చుకోవడానికి ముఖం మీది రేకు ఎత్తుకోవాల్సిన అవసరం ఉంటుంది. కవచం మొత్తాన్ని ఒక్క అంకెలో పెట్టగానే ఈ సందులన్నీ మాయమైపోయాయి. బాణం "తగలలేదు" అంటే పక్కనుంచి పోయిందా, రేకుకు కొట్టుకుని జారిపోయిందా అన్నది ఆట చెప్పదు. మన తగువుకు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

అదే 1974 పుస్తకంలో ధరల పట్టీ చూడండి. రేకు కవచం 50 బంగారు నాణేలు, పెద్ద విల్లు 40. ఇంచుమించు ఒకటే ధర. అసలు ఇంగ్లండులో ఎలా ఉండేదంటే, 1341 ప్రాంతంలో రంగు వేయని విల్లు ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు. గుర్రం ఉన్న విలుకాడికి రోజు కూలి 6 పెన్నీలు. రెండు రోజుల కూలితో విల్లు వచ్చేస్తుంది. నూరేళ్ల తర్వాత, 1441 నాటి ఒక లెక్కలో మిలాన్‌లో తయారైన రెడీమేడ్ కవచం ధర 8 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు, మొత్తం 2000 పెన్నీలు. అదే కూలి చొప్పున దాదాపు పదకొండు నెలల సంపాదన! ఆ రేకు ఎందుకంత ఖరీదో, అంత పెట్టి ఎందుకు కొనేవారో ఆలోచిస్తే బాణం సంగతి సగం అర్థమవుతుంది. పనికిరాని వస్తువు మీద ఎవరూ ఏడాది సంపాదన తగలేయరు.

ఇక అసలు యుద్ధాలకు వద్దాం. 1188లో వేల్స్ అంతా తిరిగిన జెరాల్డ్ అనే మతాధికారి, వేల్స్ విలుకాళ్ల బలం గురించి విన్నవి రాసిపెట్టాడు. అబెర్గవెన్నీ కోట ముట్టడిలో బాణాలు దాదాపు అరచెయ్యి మందం ఉన్న ఓక్ తలుపులోంచి దూసుకొచ్చాయట. ఒక యోధుడి తొడకు గొలుసు కవచం ఉన్నా బాణం దాన్ని, తొడను, కింది జీనును దాటి గుర్రం ఒంట్లోకి దిగిందట. టేబుల్ దగ్గర బాణం పక్షం వాళ్లు చెప్పేది ఇదే.

మూడేళ్ల తర్వాత, 1191లో, పాలస్తీనా తీరం వెంట ఇంగ్లండు రాజు రిచర్డ్ సైన్యం ఆర్సూఫ్ వైపు నడుస్తోంది. అతనితో పోరాడుతున్న సుల్తాన్ సలాదిన్ కొలువులో ఉన్న బహావుద్దీన్ ఆ నడకను కళ్లారా చూసి రాశాడు. కాలిబంట్లు దళసరి కంబళి లాంటి అంగీ, దాని మీద గొలుసు కవచం తొడిగారు. వీపున ఒకటి నుంచి పది బాణాల దాకా గుచ్చుకుని ఉన్నవాళ్లు కూడా వరస తప్పకుండా, ఏమీ కానట్టు నడుస్తున్నారు. మనకు ఒంటి నిండా బాణాలంటే భీష్ముడి అంపశయ్యే గుర్తొస్తుంది. ఇక్కడ ఒంటి నిండా బాణాలతో మనుషులు తాపీగా నడిచిపోతున్నారు! కవచం పక్షం వాళ్లు చెప్పేది ఇదే.

రెండూ ఒకే కాలం, ఒకే రకం గొలుసు కవచం. మరి తేడా ఎక్కడ? విల్లు బరువులో, ఎంత దూరం నుంచి కొట్టారన్నదాంట్లో, ములికి ఆకారంలో, అన్నిటికంటే ముఖ్యంగా లోపల తొడిగిన అంగీలో. పొరలు పొరలుగా గుడ్డ వేసి, మన బొంత కుట్టినట్టు దగ్గర దగ్గరగా కుట్టిన అంగీ అది. గొలుసు తెగినా బాణం వేగం ఆ గుడ్డలో చచ్చిపోతుంది. ఆటల్లో ఈ బొంత అంగీని అందరికంటే పేదవాడి కవచంగా, అన్నిటికంటే తక్కువ రక్షణ ఇచ్చి పక్కన పడేశారు. నాకు ఎప్పుడూ మనసుకు పట్టే అన్యాయం ఇది.

తర్వాతి రెండు వందల ఏళ్లలో కవచం మారిపోయింది. గొలుసు మీద రేకులు వచ్చాయి, రేకులు పెరిగి ఒళ్లంతా కప్పాయి. 1346లో క్రెసీ దగ్గర ఇంగ్లీషు విలుకాళ్లు చూసిన కవచం, 1415లో అజిన్‌కోర్ట్ దగ్గర చూసిన కవచం ఒకటి కాదు. అజిన్‌కోర్ట్‌లో ఫ్రెంచి వీరులు తలలు వంచుకుని నడిచారని నాటి రచయితలు రాశారు. ముఖం రేకులోని చూపు సందుల్లోంచి బాణం దూరుతుందేమోనన్న భయం. తల వంచితే దారి కనిపించదు, ఊపిరాడదు. కింద దున్నిన పొలం, రాత్రంతా కురిసిన వాన, మోకాళ్ల దాకా బురద. గాయపడ్డ గుర్రాలు వెనక్కి తిరిగి సొంత మనుషుల మీదే పడ్డాయి. రెండు పక్కల నుంచి వచ్చే బాణాలకు ఒత్తుకుని ఒత్తుకుని మధ్యలో చెయ్యి లేపే చోటు లేకుండా అయిపోయారు. అప్పుడు విలుకాళ్లు విల్లు పడేసి కత్తులు, పెద్ద సుత్తులు పట్టుకుని మీదపడ్డారు. బాణం అక్కడ చేసిన పని చాలా పెద్దది, కానీ ఆ పనిలో ఎక్కువ భాగం రేకుకు చిల్లు పెట్టడం కాదు.

తొమ్మిదేళ్ల తర్వాత, 1424లో, ఫ్రాన్సులోని వెర్నూయ్ దగ్గర, ఫ్రెంచి పక్షాన ఇటలీలోని లొంబార్డీ నుంచి వచ్చిన గుర్రపు దళం నిండు కవచాలతో, గుర్రాలకు కూడా కవచం వేసి, ఇంగ్లీషు విలుకాళ్ల మధ్యలోంచి దూసుకుపోయింది. బాణాలు ఆపలేకపోయాయి. ఆ యుద్ధం చివరికి ఇంగ్లీషువాళ్లే గెలిచారు, అది వేరే సంగతి. అజిన్‌కోర్ట్ పేరు తెలిసిన ప్లేయర్లలో పదోవంతు మందికైనా వెర్నూయ్ పేరు తెలిస్తే మా వాదనలు ఇంత సాగవు.

సందు దొరికితే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క మనిషి ముఖం చాలు. 1403లో ష్రూస్‌బరీ యుద్ధంలో పదహారేళ్ల ఇంగ్లండు యువరాజు హెన్రీకి ముఖం మీద బాణం తగిలింది. పుల్ల లాగితే ఊడి వచ్చింది, ములికి మాత్రం ఆరు అంగుళాల లోతున ఎముకలో ఉండిపోయింది. జాన్ బ్రాడ్‌మోర్ అనే శస్త్రవైద్యుడు ఆ చికిత్స మొత్తం రాసిపెట్టాడు. చెట్టు బెండును పుల్లలుగా చేసి, నార గుడ్డ చుట్టి, గులాబీ తేనెలో తడిపి గాయంలోకి దించి, రోజు రోజుకూ లావు పుల్లలు వాడుతూ దారి వెడల్పు చేశాడు. తర్వాత మధ్యలో మర ఉన్న సన్నని పటకారు తానే చేయించి, ములికి గొట్టంలోకి దాన్ని పోనిచ్చి, మర తిప్పి బిగించి, అటూ ఇటూ కదుపుతూ బయటికి లాగాడు. వైన్‌తో కడిగాడు. ఆ కుర్రాడు బతికి, పన్నెండేళ్ల తర్వాత అజిన్‌కోర్ట్‌లో ఇంగ్లీషు సైన్యాన్ని నడిపించాడు. "ఎనిమిది హిట్ పాయింట్లు పోయాయి, రాత్రి పడుకుంటే తిరిగొస్తాయి" అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ పటకారు గుర్తొస్తుంది.

ఆటల పుస్తకాల్లో ఇంకో పొరపాటు పంతొమ్మిదో శతాబ్దం నుంచి వచ్చింది. ఇంగ్లండులో సామ్యూల్ మేరిక్ 1824లో కవచాల మీద పెద్ద గ్రంథం వేశాడు. పాత బొమ్మల్లో, శిల్పాల్లో గీతలు ఏ తీరున కనిపిస్తే ఆ తీరుకొక కవచం పేరు పెట్టాడు. చిత్రకారులు గొలుసు కవచాన్ని రకరకాలుగా గీసేవారని, వాటిలో చాలా పేర్ల వెనక వేరే వస్తువే లేదని తర్వాతి పండితులు తేల్చారు. అప్పటికే పేర్లు పుస్తకాల్లోకి ఎక్కేశాయి. ఇప్పటికీ ఆటల్లో దొరికే "మేకులు కొట్టిన తోలు కవచం" కూడా అలాంటిదే. గుడ్డ లోపల ఉక్కు రేకులు పెట్టి మేకులతో బిగించే కవచం ఒకటి ఉండేది. బయటికి మేకు తలలే కనిపిస్తాయి. లోపలి రేకులు మరిచిపోయి మేకులనే రక్షణ అనుకున్నారు.

తప్పులు సరిదిద్దాలని ఆటగాళ్లు ప్రయత్నించకపోలేదు. 1978లో గైగాక్స్ ఒక్కో ఆయుధానికి ఒక్కో ఆర్మర్ క్లాస్ మీద వేరే సవరణ ఇచ్చే పట్టిక మళ్లీ తెచ్చాడు. ఆ పట్టిక చూస్తూ ఆడటం కష్టమని చాలామంది వదిలేశారు. అదే ఏడాది 'రూన్‌క్వెస్ట్' వచ్చింది. దాని రూపకర్తల్లో స్టీవ్ పెరిన్, 1966లో బర్క్‌లీలో మొదలైన మధ్యయుగ పునఃసృష్టి సంఘంలో సభ్యుడు. అక్కడ కవచాలు తొడిగి బెత్తం కర్రలతో నిజంగానే కొట్టుకుంటారు. దెబ్బ ఎలా ఉంటుందో ఒంటికి తెలిసిన మనిషి రాసిన ఆటలో కవచం దెబ్బను తప్పించదు, దెబ్బలోంచి కొంత మింగేస్తుంది. దెబ్బ చేతికా కాలికా తలకా అన్నదానికి ఇంకో పాచిక. సందులు ఆటలోకి తిరిగొచ్చిన దారి అదే.

విలుకాడి ఒంటి సంగతి మాత్రం ఇంకా బాకీ ఉంది. 1545లో మునిగిపోయిన ఇంగ్లీషు యుద్ధనౌక మేరీ రోజ్‌ను 1982లో పైకి తెచ్చారు. అందులో చెక్కుచెదరని విళ్లు 130కి పైగా, బాణాలు వేలల్లో దొరికాయి. వాటిని లాగడానికి వంద పౌండ్ల నుంచి 180 పౌండ్ల దాకా బలం కావాలని లెక్కగట్టారు. అంటే వింటినారి చెవి దాకా లాగడం నలభై అయిదు కిలోల పైమాటే, ఒక్కోటి ఎనభై కిలోలు. ఒకప్పుడు బిషప్‌గా పనిచేసిన హ్యూ లాటిమర్ 1549లో రాజు ముందు చేసిన ప్రసంగంలో చిన్ననాటి ముచ్చట చెప్పాడు. తండ్రి తనకు వయసుకు, బలానికి తగ్గట్టు ఏటేటా పెద్ద విల్లు కొనిచ్చేవాడట. చేతులతో కాకుండా ఒంటి బరువంతా వింట్లో పెట్టి లాగమని నేర్పాడట.

ఇప్పుడు 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెరవండి. ధరలు బాగా సర్దారు: విల్లు 50, నిండు రేకు కవచం 1500. కానీ ఆ కవచం తొడగాలంటే పాత్రకు బలం అనే అంకె 15 ఉండాలి, లేకపోతే నడక మందగిస్తుంది. పెద్ద విల్లుకు బలంతో పనే లేదు, చురుకుదనం చాలు. నిజంలో ఇది తలకిందులు. యుద్ధానికి వేసుకునే నిండు కవచం బరువు మామూలుగా ఇరవై నుంచి పాతిక కిలోలు. అది ఒళ్లంతా పంచుకుంటుంది కాబట్టి అందులో పరిగెత్తొచ్చు. అజిన్‌కోర్ట్‌లో పట్టుబడ్డ ఫ్రెంచి సేనాని బూసికో కవచం వేసుకుని, నిచ్చెన కింది వైపున కాళ్లు ఆనించకుండా చేతులతోనే ఎక్కేవాడని అతని జీవిత చరిత్ర చెబుతుంది.

2019లో ఇంగ్లండులో టాడ్ టాడెస్కీని అనే ఆయుధాల తయారీదారు ఒక పరీక్ష పెట్టి వీడియో తీశాడు. అజిన్‌కోర్ట్ కాలపు తరహాలో చేతితో చేసిన ఉక్కు ఛాతీ కవచం, ఆ కాలపు తరహా బాణాలు, 160 పౌండ్ల విల్లు లాగే జో గిబ్స్, పక్కన వాలెస్ కలెక్షన్ మ్యూజియం క్యూరేటర్ టోబియాస్ క్యాప్‌వెల్. బాణం సెకనుకు యాభై మీటర్లకు పైగా వేగంతో పోయి తగిలింది. రేకు చిల్లు పడలేదు. పుల్ల ముక్కలు ముక్కలైంది, ఆ ముక్కలు రేకు మీదుగా పైకి, గొంతు వైపు లేచాయి. ఆ కాలపు ఛాతీ కవచాల మీద మెడ కింద వి ఆకారంలో ఒక గట్టు ఉంటుంది. అది ఎందుకో ఆ ముక్కలు చూశాక కళ్లకు కట్టినట్టు తెలిసింది. ఆరు వందల ఏళ్ల కిందటి కమ్మరికి ఈ సంగతి ముందే తెలుసు.

మా టేబుల్ దగ్గర ఇప్పుడు రెండు మూడు మార్పులు చేసుకున్నాం. పెద్ద విల్లుకు కూడా బలం చూస్తాం. బొంత అంగీని గొలుసు కవచం కిందే లెక్కలో కలుపుతాం. అంకె దాటని బాణాన్ని "తగలలేదు" అనడం మానేసి, రేకు మీద జారిందనో, డాలులో దిగిందనో గేమ్ మాస్టర్ చెబుతాడు. ఇరవై పడితే సందు దొరికినట్టు. ఆరు సెకన్ల రౌండులో ఒక విలుకాడు ఎన్ని బాణాలు వేయగలడన్నది మాత్రం ఇంకా తేలలేదు. పోయిన ఆదివారం ఆట ఆగింది దాని మీదే.