కోయాక్స్ కనెక్టర్లు: హ్యామ్ మిత్రుల అపోహలు - వాస్తవాలు

హ్యామ్ అంటే సరదా కొద్దీ రేడియో నడిపేవాళ్ళం. రేడియో సెట్టు నుంచి ఆంటెన్నాకి వెళ్ళే కోయాక్స్ కేబుల్ చివర పెట్టే కనెక్టర్లలో పీఎల్-259, ఎన్-టైప్, బీఎన్‌సీ అనేవి మూడు రకాలు.

అపోహ: పీఎల్-259 పాతకాలపు సరుకు, అన్నీ ఎన్-టైప్‌కి మార్చెయ్యాలి.

వాస్తవం: పాతదే, 1930ల నాటిది. పేరుకే యూహెచ్‌ఎఫ్ కనెక్టర్. మన కేబుల్‌కి ఉండే 50 ఓమ్‌ల ఇంపీడెన్స్ దీని లోపల అంతటా ఉండదన్నదీ నిజమే. కానీ 7 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 40 మీటర్ల పైనే. అందులో నాలుగు సెంటీమీటర్ల కనెక్టర్ ఏ మూలకి? 145 మెగాహెర్ట్జ్‌లో కూడా మామూలు వాడకానికి ఇబ్బంది లేదు. 435కి వెళ్తే తరంగం 69 సెంటీమీటర్లే, అప్పుడు లెక్కలోకి వస్తుంది. అక్కడ మాత్రం నేనూ ఎన్-టైపే వాడతాను.

అపోహ: తళతళలాడుతుంటే మంచి సరుకు.

వాస్తవం: చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అంగళ్ళుండే రిచీ స్ట్రీట్‌లో ట్రే నిండా తళతళలాడేవి చాలావరకు నికెల్ పూతవే. నికెల్‌కి సోల్డర్ తేలిగ్గా పట్టదు. పట్టేదాకా వేడి పెడుతూ ఉంటాం, ఈలోగా లోపలి చవక ప్లాస్టిక్ మెత్తబడి మధ్య పిన్ను ఒరిగిపోతుంది. వెండిపూత, టెఫ్లాన్ ఇన్సులేషన్ ఉన్నది అడిగి తీసుకోండి. వెండి నల్లబడిందని పారెయ్యకండి, కాలి పట్టీలు నల్లబడవూ? నికెల్‌దే దొరికితే, సోల్డర్ రంధ్రాల చుట్టూ ఆకురాయితో పూత గీకేసి ఇత్తడి కనిపించాక అతకండి. ఆర్‌జీ-58 కేబుల్ సన్నం కాబట్టి రెడ్యూసర్ (సన్న కేబుల్‌ని కనెక్టర్‌లో సరిపెట్టే తొడుగు) కూడా కొనాలి. ఇంటికొచ్చాక గుర్తొస్తే మళ్ళీ మౌంట్ రోడ్ ట్రాఫిక్కే!

అపోహ: ఎస్‌డబ్ల్యూఆర్ బాగుందంటే కనెక్టర్ బాగున్నట్టే.

ఎస్‌డబ్ల్యూఆర్ అంటే పంపిన పవర్‌లో ఎంత తిరిగొస్తోందో చెప్పే కొలత, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది. ఈ అపోహకి నేనే బలయ్యాను. మా డాబా తిరువాన్మియూరులో, సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. ఒక అక్టోబరులో వీహెచ్‌ఎఫ్ (30-300 మెగాహెర్ట్జ్) ఆంటెన్నా దగ్గరి కనెక్టర్‌కి మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టి ఊరుకున్నాను. వానలు వెనకబట్టేసరికి 1.6 చూపించే మీటరు 1.3 చూపించింది. తెగ సంబరపడ్డాను. ఆవడిలో ఉన్న మిత్రుడేమో, "ఏంటన్నా, నీ సిగ్నల్ అసలు రావట్లేదు" అన్నాడు.

విప్పి చూస్తే నీళ్ళు కారాయి. దీపం వత్తి నూనె పీల్చినట్టు కేబుల్ లోపలి రాగి తీగల అల్లిక (బ్రెయిడ్) నీళ్ళు పీల్చుకుని, రెండు మీటర్లు కోసినా లోపల ఆకుపచ్చగానే ఉంది. వెళ్ళే పవర్‌నీ, తిరిగొచ్చే పవర్‌నీ కేబులే తినేస్తుంటే, రిగ్ (రేడియో సెట్టు) దగ్గర మీటరుకి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఇప్పుడు ఏటా వానలకి ముందు కేబుల్ అవతలి చివర డమ్మీ లోడ్ (ఆంటెన్నాకి బదులు పవర్ పీల్చుకునే రెసిస్టర్) పెట్టి, రెండు చివర్లా వాట్లు కొలుస్తాను. సాగదీసి చుడితే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు వేస్తాను, కింది నుంచి పైకి, ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు. ఎండకి పాడవకుండా దాని మీద మామూలు టేపు. ఎన్-టైప్‌లో రబ్బరు వాషర్ ఉంటుంది, అయినా దాన్నీ వదలను.

అపోహ: కనెక్టర్ 50 ఓమ్‌లదైనా 75 ఓమ్‌లదైనా పట్టేస్తుందిగా!

వాస్తవం: సీసీటీవీ వాళ్ళ 75 ఓమ్‌ల బీఎన్‌సీ హెచ్‌ఎఫ్‌లో (3-30 మెగాహెర్ట్జ్) పెట్టినా తేడా తెలియదు. ఎన్-టైప్‌తో మాత్రం ఆ ఆట వద్దు. 50 ఓమ్‌ల పిన్ను లావు, 75 ఓమ్‌ల సాకెట్‌లో దూరిస్తే సాకెట్ విచ్చుకుపోతుంది.