టీమ్‌గా చెప్పే పీజీ ఇంట్రో కోర్సులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పీజీ, పీహెచ్‌డీ మొదటి సెమిస్టర్‌లో నలుగురైదుగురు ఫ్యాకల్టీ కలిసి చెప్పే పరిచయ కోర్సులను సమన్వయం చేయడం నా పని. ఏ నేపథ్యం నుంచి వచ్చినవాళ్లయినా నిలదొక్కుకునేలా అవి ఉండాలని గట్టిగా నమ్ముతాను కాబట్టి, తరచూ వినే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: సిలబస్‌ను వారాల లెక్కన పంచుకుంటే అదే టీమ్ టీచింగ్.

వాస్తవం: అది వంతులవారీగా పాఠాలు చెప్పడం మాత్రమే. ఒకరు అసైన్‌మెంట్ రెండు రోజులు ఆలస్యమైనా తీసుకుంటారు, ఇంకొకరు సున్నా వేస్తారు, మూడోవారంలో వచ్చినవారు రెండోవారంలో ఎవరూ చెప్పని విషయాన్ని అందరికీ తెలుసనుకుని మొదలుపెడతారు. సీనియర్లతో పరిచయం ఉన్న విద్యార్థి ఎవరికేం కావాలో అడిగి తెలుసుకుంటాడు. ఇంట్లో ఇంతదూరం చదివినవాళ్లు ఎవరూ లేని విద్యార్థి మాత్రం లోపం తనదేనేమో అనుకుని ఊరుకుంటుంది. అసలు అన్యాయం జరిగేది ఇక్కడే, ఒక టీచర్ వెళ్లి ఇంకో టీచర్ వచ్చే ఆ మధ్యలో. అందుకే సెమిస్టర్ మొదలవకముందే అందరూ ఒకచోట కూర్చుని, ఆలస్యానికి ఒకే నియమం, మార్కులకు ఒకే రూబ్రిక్ (దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక), సందేహాలకు ఒకే చోటు నిర్ణయించుకోవాలి. రూబ్రిక్ రాసుకుంటే సరిపోదు. ఓ మూడు జవాబు పత్రాలు తీసుకుని అందరూ విడివిడిగా దిద్ది, మార్కులు పక్కపక్కన పెట్టి చూడండి, ఎవరి దృష్టిలో ‘మంచి జవాబు’ ఏమిటో అప్పుడు తెలుస్తుంది. వచ్చే వారం చెప్పబోయేవారు ఈ వారం క్లాసులో వెనక కూర్చుంటే ఇంకా మంచిది.

అపోహ: బేసిక్స్ రానివాళ్లకు ముందుగా వారం రోజుల బ్రిడ్జ్ కోర్సు పెడితే చాలు.

వాస్తవం: అమెరికాలో 53 సంస్థల్లోని జీవశాస్త్ర పీహెచ్‌డీ విద్యార్థులపై చేసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. ఇలాంటి స్వల్పకాలిక బూట్ క్యాంపులకు హాజరైనవాళ్లకూ కానివాళ్లకూ పరిశోధన నైపుణ్యాల్లో చెప్పుకోదగ్గ తేడా అందులో కనిపించలేదు. ఆ సాయాన్ని సెమిస్టర్ పొడవునా పరచాలి. గణితం నుంచి వచ్చినవారికి జీవశాస్త్రం కొత్త, జీవశాస్త్రం నుంచి వచ్చినవారికి కోడింగ్ కొత్త, పరిశోధన పత్రం ఎలా చదవాలో మాత్రం దాదాపు ఎవరికీ ఎవరూ నేర్పి ఉండరు. మొదటి వారంలో మార్కులు లేని చిన్న పరీక్ష పెట్టి, ఫలితాలు టీమ్‌లో అందరూ చూడాలి.

అపోహ: ఇన్‌క్లూజివ్‌గా, అంటే అన్ని నేపథ్యాలవారినీ కలుపుకుని చెప్పడమంటే స్థాయి తగ్గించడం.

వాస్తవం: పరీక్ష, అసైన్‌మెంట్ ఎంత కష్టంగా ఉన్నా ఉండొచ్చు, కానీ అవి ఎందుకు ఇచ్చారో, ఏం చేయాలో, దేన్నిబట్టి మార్కులు వేస్తారో రాసి ఇవ్వాలి. ఊహించగలిగినవాళ్లకే మార్కులొస్తే మనం కొలిచింది సబ్జెక్టును కాదు కదా! డిగ్రీ స్థాయి సైన్స్, ఇంజినీరింగ్ కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను 2014లో కలిపి చూసినప్పుడు, విద్యార్థులతో చేయించి నేర్పే క్లాసుల కంటే లెక్చర్ మాత్రమే ఉన్న క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లని తేలింది. పీజీకి ఇదే అంకె వర్తిస్తుందని అనను, కానీ పీజీ క్లాసులో లెక్చర్ ఒక్కటే చాలనడానికి నాకైతే కారణం కనిపించదు.

అపోహ: ఎవరూ ప్రశ్న అడగలేదంటే అందరికీ అర్థమైనట్టే.

వాస్తవం: ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని, మాట్లాడేవాళ్లూ పెరుగుతారని 1970లలోనే స్కూలు తరగతుల్లో గమనించారు. క్లాసులో ఇద్దరు టీచర్లుంటే ఒకరు చెబుతుంటే ఇంకొకరు ముఖాలు చూడొచ్చు.

అపోహ: నలుగురు చెబితే ఒక్కొక్కరికి పావు వంతు పనే.

వాస్తవం: లెక్చర్ల వరకు అది నిజం. పైన చెప్పిన సమావేశాలు, కలిసి దిద్దడం, ఒకరి క్లాసులో ఒకరు కూర్చోవడం, వెనకబడ్డ విద్యార్థిని పిలిచి మాట్లాడడం ఆ లెక్కలోకి రావు. డిపార్ట్‌మెంట్లు ఈ గంటలను పనిభారంలో చూపించాలి, కోఆర్డినేటర్‌కు వేరే క్లాసు ఒకటి తగ్గించాలి. లేకపోతే ఇదంతా మనసున్న ఒక్కరి నెత్తిన పడుతుంది, వారు వేరే బాధ్యతకు మారిన ఏడాది కోర్సు మళ్లీ వంతుల పద్ధతికి వెళ్లిపోతుంది.