కాలిఫోర్నియా వ్యాసరచన తగువు: మూలం బాల్టిమోర్‌లో

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీల్లో, చదువులో వెనకబడిన విద్యార్థులకు వ్యాసం రాయడం ఎక్కడినుంచి మొదలుపెట్టి నేర్పాలన్న తగువు మళ్లీ రాజుకుంది. విద్యార్థులను నేరుగా కాలేజీ స్థాయి లెక్కల, ఇంగ్లిషు తరగతుల్లోనే చేర్చాలనే ఏబీ 1705 చట్టం మీద జరుగుతున్న చర్చ చాలావరకు లెక్కల చుట్టూ, అందులోనూ కాల్క్యులస్ చుట్టూ తిరుగుతోంది. ఇంగ్లిషు అధ్యాపకుల గోడు వెనక వరుసలో పడిపోయింది. ఇప్పటి తగువు అర్థం కావాలంటే 2007లో మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో ఏం జరిగిందో చూడాలి.

అప్పటిదాకా దేశమంతటా ఉన్న పద్ధతి దాదాపు ఒకటే. చేరిన విద్యార్థిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి కాంపస్ లేదా అక్యుప్లేసర్ అనే పరీక్ష పెట్టేవారు. వాక్యంలో కొంత భాగాన్ని ఎత్తిచూపి, సరైన రూపం ఏదో ఇచ్చిన జవాబుల్లోంచి గుర్తించమనేవారు. వ్యాసం రాయగలడో లేదో తేల్చే ఈ పరీక్షలో చాలాచోట్ల ఒక్క పేరా కూడా రాయించేవారు కాదు. మార్కులు తగ్గితే డెవలప్‌మెంటల్ తరగతులు, అంటే కాలేజీ స్థాయికి ముందు పునాది నేర్పే తరగతులు, తప్పవు. ముందు వాక్యాలు, తర్వాత పేరాలు, ఆ పైన చిన్న వ్యాసం. వీటికి ఫీజు కట్టాలి గాని, డిగ్రీకి పనికొచ్చే క్రెడిట్లు రావు.

ఈ వరుసలో ఉన్న చిక్కు మామూలు గుణకారంతోనే తెలుస్తుంది. వంద మంది మూడు కోర్సులు దాటాలనుకుందాం. ప్రతి కోర్సులో 80 శాతం పాసై, పాసైనవారిలో 90 శాతం తర్వాతి దానిలో చేరితే, చివరికి మిగిలేది 41 మంది. ఏ అధ్యాపకుడూ తన తరగతి విఫలమైందని అనుకోడు, ఎందుకంటే ఎవరి తరగతిలో చూసినా 80 శాతం పాసవుతూనే ఉంటారు.

బాల్టిమోర్ కాలేజీలో ఇంగ్లిషు చెప్పిన పీటర్ ఆడమ్స్ తన విద్యార్థుల రికార్డులు ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. డెవలప్‌మెంటల్ తరగతిలో మొదలుపెట్టినవారిలో కాలేజీ స్థాయి ఇంగ్లిషు 101 గట్టెక్కింది దాదాపు మూడో వంతు మందే. మిగిలినవారిలో చాలామంది ఫెయిలైనవారు కారు, మధ్యలో మానేసినవారు. పని వేళలు మారడం, బిడ్డను చూసుకునే మనిషి లేకపోవడం, కాలేజీ చదువు తనలాంటివారికి కాదేమోనన్న బెరుకు వంటివే వారిని ఆపేశాయి. కామాలు సరిగా పెట్టలేక ఆగిపోయినవారు తక్కువ.

ఆయన బృందం 2007లో చేసిన ఏర్పాటు ఇది. ఇరవై మంది ఉన్న 101 తరగతిలో ఎనిమిది మంది డెవలప్‌మెంటల్ విద్యార్థులు కలిసి కూర్చుంటారు. ఆ తరగతి అయిపోగానే ఆ ఎనిమిది మందికే అదే అధ్యాపకుడు మరో తరగతి తీసుకుంటారు. అక్కడ వేరే పాఠ్యపుస్తకపు అభ్యాసాలు ఉండవు. 101లో ఇచ్చిన వ్యాసమే పని. ఒకరు తన పేరాను పైకి చదువుతారు. క్రియ చివర వదిలేసిన భూతకాలపు గుర్తు చాలాసార్లు నోటితో పలుకుతున్నప్పుడే దొరుకుతుంది. ఎనిమిది మందే కాబట్టి రెండు రోజులు రానివాణ్ని ఎందుకు రాలేదని అడిగే వీలుంటుంది. నా ఉద్దేశంలో అసలు కిటుకు ఆ ఎనిమిదిలోనే ఉంది.

ఫలితాలు బాగా వచ్చాయి. కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీ పరిశోధకులు వాటిని పరిశీలించి, ఈ విద్యార్థులు 101 దాటే అవకాశం బాగా పెరిగిందని తేల్చారు. అక్కడి పరిశోధకులే 2012లో, ఎవరు ఏ తరగతిలో చేరాలో తేల్చే ఆ ప్లేస్‌మెంట్ పరీక్షల గుట్టు కూడా విప్పారు. ఇంగ్లిషులో దాదాపు మూడో వంతు మంది ఉండవలసిన చోట ఉండటం లేదన్నారు. హైస్కూలు మార్కులే మెరుగైన కొలమానమన్నారు. కాంపస్ పరీక్ష 2016లో కనుమరుగైంది.

కాలిఫోర్నియా శాసనసభ్యురాలు జాక్వీ అర్విన్ తెచ్చిన ఏబీ 705 మీద గవర్నర్ జెర్రీ బ్రౌన్ 2017 అక్టోబరులో సంతకం చేశారు. విద్యార్థి ఏడాదిలోగా బదిలీ స్థాయి ఇంగ్లిషు (నాలుగేళ్ల విశ్వవిద్యాలయాలు ఒప్పుకునే కోర్సు) పూర్తిచేసే అవకాశం ఎక్కడ ఎక్కువుంటే అక్కడే చేర్చాలన్నది దాని సారం. హైస్కూలు మార్కుల సగటు నాలుగుకు 1.9 కంటే తక్కువ ఉన్నవారిని సైతం నేరుగా ఆ కోర్సులో చేర్చితే దాదాపు 43 శాతం నెగ్గుతారని, కింది మెట్టు నుంచి మొదలుపెడితే 12 శాతమేనని రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీలను నడిపే ఛాన్సలర్ కార్యాలయం లెక్క చూపింది. ఆ లెక్క ముందు పాత వరుస నిలబడలేదు, నిలబడకూడదు కూడా. 2022లో ఏబీ 1705 ఇంకాస్త బిగించింది.

సంస్కరణవాదుల మాట అంతటితో సరి. అధ్యాపకుల మాటకు మాత్రం ఇంకొంచెం చోటు కావాలి, ఎందుకంటే వారందరూ పాత మెట్లు తిరిగి కట్టమనడం లేదు. చట్టం బాల్టిమోర్ నుంచి వేగాన్ని తీసుకుంది, ఎనిమిది మంది తరగతిని తీసుకోలేదు. తోడు తరగతి ఎలా ఉండాలో కాలేజీల ఇష్టానికే వదిలింది. దాంతో ఒకచోట అదనపు గంటకు తరగతి మొత్తాన్నీ కూర్చోబెడతారు, మరోచోట ఒక ట్యూటర్‌ను పంపి సరిపెడతారు. ఇంకోచోట విద్యార్థి తనంతట తాను రైటింగ్ సెంటర్‌కు వెళ్లాలి. మునుపటి కంటే ఎక్కువమంది బదిలీ స్థాయి ఇంగ్లిషు పూర్తిచేస్తున్నారన్నది నిజం. అదే సమయంలో, చేరినవారిలో పాసయ్యేవారి శాతం తగ్గిందన్నదీ నిజమే.

అమలు కోసం 2022లో రాష్ట్ర బడ్జెట్ 6.4 కోట్ల డాలర్లు ఇచ్చింది, అదీ ఒక్కసారికే. ఎనిమిది మంది తరగతికి కావలసిన అధ్యాపకుడి జీతం మాత్రం ఏటా కావాలి.