నల్లగా ఉంటే స్ట్రాంగేనా? డార్క్ వీట్ బీరుపై అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో బీరు తయారీ, టేస్టింగ్ నా పని. జర్మనీలోని బవేరియాలో పుట్టిన డంకెల్‌వైజెన్‌ను, అంటే డార్క్ వీట్ బీరును, టేబుల్ మీద పెట్టగానే జనం గ్లాసు ఎత్తి లైటుకి అడ్డంగా పట్టుకుంటారు. సగం తీర్పు అక్కడే అయిపోతుంది. బీరు జడ్జిలకు సర్టిఫికెట్లిచ్చే సంస్థ బీజేసీపీ. జడ్జిలు వాడే దాని షీటులో 50 మార్కులుంటాయి. రుచికి 20, వాసనకు 12, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10, నోట్లో తగిలే చిక్కదనం, నురగల తీరుకి 5. కంటికి కనిపించే అందానికి 3 మాత్రమే.

అపోహ: నల్లగా ఉందంటే స్ట్రాంగ్, పైగా చేదు.

వాస్తవం: ఇందులో ఆల్కహాల్ మామూలుగా 4.3 నుంచి 5.6 శాతం. మన వైన్ షాపుల్లో 'స్ట్రాంగ్' అని అమ్మే బీరు బంగారు రంగులో ఉంటూనే 8 శాతం దాకా పోతుంది. రంగు వచ్చేది మాల్ట్ వల్ల, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం వల్ల. చేదు వచ్చేది హాప్స్ అనే తీగ పూల వల్ల. చేదును ఐబీయూల్లో కొలుస్తారు. డంకెల్‌వైజెన్‌కు అది 10 నుంచి 18. హాప్స్ దట్టించిన ఐపీఏ రకం బీరు తాగేవాళ్ళు 40 పైనే మింగుతారు, వాళ్ళెవరూ ఆ బీరును నల్లగా ఉందనరు మరి. ఇక్కడ నాలుకకు తగలాల్సింది కాల్చిన బ్రెడ్ అంచు, కాస్త పంచదార పాకం. అరకు కాఫీ డికాక్షన్‌లోని మాడు ఘాటు తగిలితే నేను మార్కులు కోస్తాను. అదే ఘాటు స్టౌట్‌ అనే నల్ల బీరులో ఉంటే మార్కులు వేస్తాను.

అపోహ: అరటిపండు వాసన వస్తోంది, ఎసెన్స్ కలిపారు.

వాస్తవం: వాదన ఎక్కువగా జరిగేది దీని మీదే. ఆ వాసన ఈస్ట్ చేసే పని. పులిసేటప్పుడు అది ఐసోఅమైల్ అసిటేట్‌ను తయారు చేస్తుంది. పండిన అరటిలో ఘుమఘుమలాడేదీ అదే. లవంగం వాసన కూడా ఈస్ట్‌దే, కానీ దానికి ముందే మేం సాయం చేయాలి. మాల్ట్ నానబెట్టేటప్పుడు 45 డిగ్రీల దగ్గర కాసేపు ఆపితే ఫెరులిక్ యాసిడ్ విడుదలవుతుంది. ఈస్ట్ దాన్ని లవంగం వాసనగా మారుస్తుంది. మన ఉక్కపోతలో ట్యాంకు కూలింగ్ కొంచెం తప్పిందా, అరటి పెచ్చుమీరి లవంగాన్ని మింగేస్తుంది. బాగా మాగిన చక్కెరకేళి వాసన ఒక్కటే వస్తుంటే ఆ బీరు తాగడానికి సరదాగానే ఉంటుంది గానీ, పెద్ద మార్కులు రావు. రెండూ ఒకదాన్నొకటి తొక్కేయకుండా ఉండాలి.

అపోహ: మబ్బుగా ఉంది, అడుగున మడ్డి ఉంది, పాడైపోయింది.

వాస్తవం: అది ఈస్ట్, గోధుమ ప్రొటీన్. సీసాలో చివరి రెండు గుక్కలు ఉంచి, గుండ్రంగా తిప్పి, ఆ మడ్డితో సహా పోయాలి. పాడైనదాన్ని ముక్కే పట్టేస్తుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలిందనో, వేడిలో నిల్వ ఉందనో అర్థం. మే నెలలో ఏసీ లేని గోడౌన్లో పడున్న కేసులకు ఈ జబ్బు త్వరగా వస్తుంది.

అపోహ: బార్లీలో గోధుమ కలపడం కల్తీ.

వాస్తవం: జర్మనీలో వీట్ బీరు అని పేరు పెట్టాలంటే మాల్ట్‌లో కనీసం సగం గోధుమ ఉండాల్సిందే. 1516 నాటి బవేరియా చట్టం బార్లీనే వాడమంది, నిజమే. అయినా పాలకుల ప్రత్యేక అనుమతితో గోధుమ బీరు నడిచింది. 1602లో గోధుమ బీరు తయారుచేసే ఆ హక్కు బవేరియా పాలకుడు డ్యూక్ మాక్సిమిలియన్ చేతికి వెళ్ళింది. 1872లో గియోర్గ్ ష్నైడర్ అనే బ్రూవర్ ఆ హక్కు సంపాదించాకే మామూలు బ్రూవర్లకు దారి తెరుచుకుంది. గోధుమ గింజకు పొట్టు ఉండదు కాబట్టి వడకట్టేటప్పుడు ముద్దకట్టి నీళ్ళు దిగవు. చిన్న బ్రూవరీల్లో కొంచెం వరి ఊక కలుపుతారు. రుచి మారదు, పని సాఫీగా అవుతుంది. మన జిల్లాల్లో ఊకకు కరువా!

గోధుమ కాబట్టి ఒంటికి మంచిదనేవాళ్ళకు ఒక్కటే మాట: ఇందులో కొందరికి పడని గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది, ఆల్కహాల్ ఎలాగూ ఉంటుంది.

అపోహ: గొంతు జివ్వుమనేంత చల్లగా ఉండాలి.

వాస్తవం: అంత చల్లదనంలో వాసన పైకి లేవదు. 7 నుంచి 10 డిగ్రీలు చాలు. ఫ్రిజ్ నుంచి తీసి కొద్దిసేపు ఆగండి, మన ఊళ్ళో ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

అపోహ: నాకు నచ్చింది, అయిదుకు అయిదు.

వాస్తవం: నచ్చడం వేరు, రేటింగ్ వేరు. ఆ రకం ఎలా ఉండాలో దానికి ఎంత దగ్గరగా ఉందన్నదే లెక్క. తీపి బీరు నచ్చనివాళ్ళు కూడా మంచి డంకెల్‌వైజెన్‌కు 40 వేయగలగాలి. పోయగానే ముందు వాసన చూసి రాసుకోండి, తర్వాతే గుక్క. పక్కన వంజరం వేపుడు ఉంటే దాన్ని టేస్టింగ్ అయ్యాకే ముట్టుకోండి. పెదవులకంటిన నూనె గ్లాసు అంచుకు తగిలితే ఆ దట్టమైన నురగ నిమిషంలో చప్పబడిపోతుంది, పాపం బ్రూవర్‌కు మార్కులు పోతాయి. నోరు కడుక్కోవడానికి మంచినీళ్ళు, ఉప్పు లేని బ్రెడ్ ముక్క చాలు. శాంపిల్ 60 నుంచి 90 మిల్లీలీటర్లు మించక్కర్లేదు. నాలుగైదు రకాలు చూసినా అది ఒక సీసా దాటదు, అయినా ఇంటికెళ్ళేటప్పుడు బండి తాళం వేరేవాళ్ళకే ఇవ్వండి.