కెనడా సర్వేల గురించి పిల్లలకు

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ కెనడాలో, మిస్సిసాగాలో అందరం కులాసా. మొన్న ఫోన్లో మీరిద్దరూ తగువులాడుకున్న విషయం మీద తీరిగ్గా రాస్తానన్నాను కదా, ఇదిగో. "2025 జనవరిలో కన్జర్వేటివ్ పార్టీ 20 పాయింట్లకు పైగా ముందుందని సర్వేలు చెప్పాయి. ఏప్రిల్లో లిబరల్ పార్టీ గెలిచింది. అంటే సర్వేలన్నీ ఉత్తివే" అని పెద్దవాడి వాదన. మనవైపు సర్వేలు చూస్తూ పెరిగినవాళ్ళకి ఆ అనుమానం రావడంలో వింతేమీ లేదు. 2018లో లగడపాటి రాజగోపాల్ గారి సర్వే తెలంగాణలో ప్రజాకూటమి వైపు మొగ్గితే, టీఆర్ఎస్ 119కి 88 సీట్లు ఊడ్చుకుపోయింది. కెనడా సంగతి వేరు. జనవరి లెక్క జనవరికి సరిపోయింది, ఏప్రిల్ లెక్క ఏప్రిల్‌కి సరిపోయింది. మధ్యలో మారింది జనం.

జనవరి నాటికి లిబరల్ నాయకుడు జస్టిన్ ట్రూడో ప్రధాని అయి తొమ్మిదేళ్ళు దాటింది. ఇళ్ళ అద్దెలు, సరుకుల ధరలు చూసి జనం విసిగిపోయి ఉన్నారు. కన్జర్వేటివ్ నాయకుడు పియర్ పొలియెవ్ రెండేళ్ళుగా ఒకటే పాట: ట్రూడో పోవాలి, కార్బన్ పన్ను (పెట్రోలు, గ్యాస్ లాంటి ఇంధనాల మీద వేసేది) పోవాలి. తీరా జనవరి 6న ట్రూడో తనే తప్పుకుంటున్నానన్నారు. అదే నెల 20న అమెరికాలో ట్రంప్ గద్దెనెక్కి, కెనడా సరుకుల మీద 25 శాతం సుంకమనీ, కెనడా తమకు 51వ రాష్ట్రమైతే బాగుంటుందనీ పదేపదే అంటూ వచ్చారు. మార్చి 9న లిబరల్స్ మార్క్ కార్నీని నాయకుడిగా ఎన్నుకున్నారు. ఈయన అంతకుముందు కెనడాకీ, ఇంగ్లండ్‌కీ కూడా కేంద్ర బ్యాంకు గవర్నరుగా చేసినవారు. 14న ప్రమాణం చేసి, ఆ రోజే జనం నేరుగా కట్టే కార్బన్ పన్ను ఎత్తేస్తూ సంతకం పెట్టేశారు. ఇంకో తొమ్మిది రోజులకి ఎన్నికలు ప్రకటించారు. పొలియెవ్ చేతిలో ఉన్న రెండు అస్త్రాలూ అలా పోయాయి. ట్రూడోని దించాలా అన్న ప్రశ్న పోయి, ట్రంప్‌ని ఎవరు తట్టుకోగలరు అన్న ప్రశ్న వచ్చింది. అడిగే ప్రశ్నే మారిపోయాక జవాబు మారదా?

ఇక చిన్నదాని సందేహం. నాలుగు కోట్ల జనమున్న దేశంలో వెయ్యి మందిని అడిగితే ఏం తెలుస్తుంది అని. అన్నం ఉడికిందో లేదో మీ నాయనమ్మ గిన్నె అంతా తిని చూడదు కదా, రెండు మెతుకులు పట్టి చూస్తుంది. సర్వే కూడా అంతే, గిన్నె బాగా కలిసి ఉంటేనే సుమా. వెయ్యి మందిని నిజంగా చీటీలు తీసినట్టు, ఏ వైపూ మొగ్గకుండా ఎంచుకుంటే, వచ్చిన అంకె అసలు లెక్కకి 3.1 పాయింట్ల లోపే అటో ఇటో ఉంటుంది. ఇక్కడి పత్రికలు దాని పక్కనే "20లో 19 సార్లు" అని కూడా వేస్తాయి. ఆ ఇరవయ్యోసారి ఇంకా ఎక్కువే తప్పొచ్చు అని అర్థం. కాబట్టి ఒక పార్టీకి 42, ఇంకోదానికి 40 అని వస్తే ఎవరు ముందున్నారో ఆ ఒక్క సర్వేతో తేలనట్టే. ఆ 3.1 తేడా సగానికి తగ్గాలంటే వెయ్యి బదులు నాలుగు వేల మందిని అడగాలి. అంత డబ్బు ఎవరు పెడతారు?

మెతుకులు పట్టడమే అసలు కష్టం. రాత్రి భోజనాల వేళకి ఫోన్ మోగుతుంది. ఓటు హక్కుందా, వయసెంత, ఏ ప్రాంతం, ఇవాళ ఎన్నికలైతే ఎవరికి వేస్తారు అని అడుగుతారు. చాలామంది అసలు ఎత్తరు, ఎత్తినవాళ్ళలో కొందరు సగంలో పెట్టేస్తారు. మీ నాయనమ్మ మాత్రం ఎత్తుతుంది, ఎవరో ఒకరు పలకరించారు కదా అని. సర్వేలో కుర్రాళ్ళు తక్కువా, నాయనమ్మలు ఎక్కువా పడితే, జనాభా లెక్కలు ముందు పెట్టుకుని కుర్రాళ్ళ జవాబులకి బరువు పెంచుతారు. లెజే, అబాకస్ లాంటి సంస్థలు ఫోన్ బదులు ఎక్కువగా ఆన్‌లైన్లో ముందే పేరు రాయించుకున్నవాళ్ళని అడుగుతాయి. నానోస్ సంస్థైతే ప్రచారం జరిగినన్నాళ్ళూ మూడు రాత్రుల జవాబులు కలిపి రోజుకో అంకె వదులుతుంది. కొత్త రాత్రి చేరితే పాత రాత్రి రాలిపోతుంది. అందుకే పెద్ద సంఘటన ఏదైనా జరిగితే దాని ప్రభావం పూర్తిగా కనబడడానికి మూడు రోజులు పడుతుంది. టీవీవాళ్ళకి అంత ఓపిక ఉండదు.

హెడ్డింగులు చూసి మోసపోకండి. "అట్లాంటిక్ రాష్ట్రాల్లో ఫలానా పార్టీ దూకుడు" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. కింద చూస్తే వెయ్యి మందిలో అక్కడివాళ్ళు ఏ 70 మందో ఉంటారు. 70 మందితో తేడా 12 శాతం దాకా పోతుంది. ఆ కింద ఉండే చిన్న అక్షరాలు దయతో వేసేవి కావు, చట్టం వేయిస్తుంది. ఎవరు చేయించారు, ఎవరు చేశారు, ఏ తేదీల్లో, ఎంతమందిని అడిగారు, తేడా ఎంత ఉండొచ్చు, ఇవన్నీ మొదట ప్రచురించేవాళ్ళు చెప్పి తీరాలి. పోలింగ్ రోజున కొత్త సర్వే బయటపెట్టకూడదు. ఒకప్పుడు ఆఖరి మూడు రోజులూ నిషేధం ఉండేది, 1998లో ఇక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇంత పద్ధతిగా చేసినా, సర్వే జనాన్ని లెక్కపెడుతుంది, పార్లమెంటు సీట్లని లెక్కపెడుతుంది. కెనడా ఒక గిన్నె కాదు, 343 గిన్నెలు. మన దగ్గరలాగే నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్ళదే సీటు. 2019లో కన్జర్వేటివ్‌లకి 34.3 శాతం, లిబరల్స్‌కి 33.1 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు? లిబరల్స్‌కి 157, కన్జర్వేటివ్‌లకి 121. 2021లోనూ అదే కథ. ఆల్బెర్టా, సస్కాచెవాన్‌లలో కన్జర్వేటివ్ ఓట్లు గుట్టలుగా పడతాయి. గెలవడానికి కావలసిన దానికంటే ఎక్కువ పడిన ప్రతి ఓటూ సీట్ల లెక్కలో ఎందుకూ పనికిరాదు. ఇంతకంటే ఘోరం 1993లో జరిగింది. అప్పటిదాకా అధికారంలో ఉన్న ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ దేశమంతా కలిపి 16 శాతం ఓట్లు తెచ్చుకుని రెండంటే రెండు సీట్లకి పడిపోయింది. ఫ్రెంచ్ మాట్లాడే ఒక్క కెబెక్ రాష్ట్రంలోనే పోటీచేసిన బ్లాక్ కెబెక్వా పార్టీ 13.5 శాతంతో 54 గెలిచింది.

సర్వేలు చేసే ఇంకో పని ఉంది, నాకు నచ్చనిది. జనం వాటిని చూసి ఓటు మార్చుకుంటారు. జగ్మీత్ సింగ్ గారి న్యూ డెమొక్రటిక్ పార్టీకి (ఎన్‌డీపీ, కాస్త వామపక్షం) 2021లో దాదాపు 18 శాతం ఓట్లు, 25 సీట్లు. 2025లో పోటీ ఇద్దరి మధ్యే అని రోజూ సర్వేలు చెబుతుంటే, ఆ పార్టీని అభిమానించేవాళ్ళే చాలామంది "ఇటు వేస్తే వృథా" అనుకుని లిబరల్ వైపు వెళ్ళిపోయారు. ఆఖరికి 6.3 శాతం, ఏడు సీట్లు. సభలో గుర్తింపు పొందిన పార్టీగా ఉండాలంటే 12 కావాలి. సింగ్ గారు తన సీటు కూడా పోగొట్టుకున్నారు.

సర్వేల సంగతి కాదుగానీ, మధ్యలో ఒక వింత చెబుతాను. నాయకులు అంతలా కొట్టుకుంటున్న రోజుల్లో కూడా, ఏప్రిల్ 16 సాయంత్రం టీవీలో జరగాల్సిన నాయకుల ఫ్రెంచ్ చర్చని రెండు గంటలు ముందే పెట్టేశారు. ఎందుకంటే అదే రాత్రి మాంట్రియల్ జట్టు హాకీ మ్యాచ్. దానికి పోటీగా చర్చ పెడితే కెబెక్‌లో చూసే నాథుడు ఉండడు మరి!

ఏప్రిల్ 28న ఫలితం వచ్చింది. చివరి సర్వేలు ఎక్కువగా లిబరల్స్ రెండు నుంచి నాలుగు పాయింట్లు ముందున్నారన్నాయి. వచ్చింది 43.8కి 41.3. సీట్లు 169, 144. మెజారిటీకి 172 కావాలి, మూడు తగ్గాయి. కెబెక్‌లోని టెర్‌బాన్‌లో మళ్ళీ లెక్కిస్తే తేడా ఒకే ఒక్క ఓటు, ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

పొలియెవ్ విషయం ఇంకా విచిత్రం. జనవరిలో కాబోయే ప్రధాని అనుకున్న మనిషి, 2004 నుంచి తను గెలుస్తూ వచ్చిన ఒటావా ప్రాంతంలోనే, కార్ల్‌టన్‌లో నాలుగు వేలకు పైగా ఓట్లతో ఓడిపోయారు. ఆ ఒక్క సీటుకి 91 మంది అభ్యర్థులు. ఎన్నికల పద్ధతి మీద నిరసనగా కొందరు కావాలనే అంతమందిని నిలబెట్టారు, దాంతో బ్యాలెట్ దాదాపు మీటరు పొడవు వచ్చింది. తర్వాత ఆల్బెర్టాలో సొంత పార్టీ ఎంపీ ఒకరు సీటు ఖాళీ చేసి ఇస్తే, ఆగస్టులో అక్కడ ఉపఎన్నికలో నిలబడ్డారు. ఈసారి అభ్యర్థులు 214 మంది. అన్ని పేర్లు వేయలేక ఖాళీ బ్యాలెట్ ఇచ్చి, ఓటరునే పేరు రాయమన్నారు. ఆయనకి 80 శాతం ఓట్లు వచ్చాయి. గుట్టలుగా పడతాయని పైన చెప్పానే, అవే.

నాన్నగారిని అడిగినట్టు చెప్పండి.

ఇట్లు,
తాతయ్య