చాయ్ గీయ్, చహా బిహా

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో తెలుగువాళ్ల ఇంటికి చుట్టం వస్తే 'చాయ్ గీయ్ తాగుతవా?' అని అడుగుతారు. పక్కనున్న మరాఠీ ఇంట్లో అదే మర్యాద 'చహా-బిహా' అవుతుంది. వంటగది అంతా వెతికినా 'గీయ్' దొరకదు, 'బిహా' అసలే దొరకదు. చాయో, దాంతోపాటు ఇంట్లో ఉన్న ఇంకేదో అని చెప్పడానికి మాట వెనక దాని నీడనొకటి తగిలిస్తాం. భాషాశాస్త్రంలో వీటిని ప్రతిధ్వని పదాలంటారు.

వీటికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పని పక్కా లెక్క ఉంది. మాటలో మొదటి అక్షరం హ్రస్వమైతే దాని చోట 'గి', దీర్ఘమైతే 'గీ' వస్తాయి. పులి గిలి, పుస్తకం గిస్తకం, పాము గీము. విసుగు చూపించాలన్నా ఇదే పనికొస్తుంది: 'పెళ్లి గిళ్లి ఇప్పుడొద్దు' అన్న పిల్ల సంబంధాల జాబితా అడగడం లేదు.

మరాఠీలో గకారం బదులు బకారం: పాణీ-బిణీ, పుస్తక్-బిస్తక్. హిందీ దారి వేరు. చాయ్-వాయ్, పానీ-వానీ అన్నప్పుడు హల్లు మారుతుంది, అచ్చు కదలదు. హిందీ, మరాఠీ రెండూ ఇండో-ఆర్యన్ కుటుంబానివే. అయినా అచ్చును ఇకారం చేసే దగ్గర మరాఠీ సొంత చుట్టాన్ని వదిలి, ఇరుగుపొరుగు తెలుగు, కన్నడాలతో నడిచింది.

వందల ఏళ్లు కలిసి బతికిన భాషలు మాటలతో ఆగవు, మాట కట్టే తీరు కూడా ఇచ్చిపుచ్చుకుంటాయి. కుటుంబాలు వేరైనా భారతదేశ భాషలన్నీ ఒకే 'భాషా ప్రాంతం' అని మరే ఎమెనో అనే పండితుడు రాసింది 1956లో. తమాషా ఏమిటంటే, రాష్ట్రాల మధ్య భాషను బట్టి గీతలు గీసిందీ ఆ ఏడాదే. హైదరాబాద్ రాష్ట్రంలోని నాందేడ్ అప్పుడే బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది.

మన 'అని' కూడా ఇలాంటిదే. 'వానొస్తదని గొడుగు తెచ్చిన' అనే చోట మరాఠీవాళ్లు 'మ్హణూన్' వాడతారు. రెండూ ఆయా భాషల్లో 'అనడం' అనే అర్థమున్న క్రియల నుంచి పుట్టినవే.

నాకు అన్నిటికంటే నచ్చేది మనం, మేము తేడా. మరాఠీలో అవి ఆపణ్, ఆమ్హీ. హిందీకి రెంటికీ ఒకటే 'హమ్'. జాతరకు మనల్ని రమ్మంటున్నారో, తాము పోతున్నామని చెబుతున్నారో 'హమ్' వింటే తేలదు. 'మనం' అన్నా, 'ఆపణ్' అన్నా వెంటనే చెప్పులు వేసుకోవచ్చు.