గెనుసుగడ్డకి తీపి పొయ్యి మీదే పుడుతుంది

సంక్రాంతికి ముందు వారం బెంగుళూరులో ఏ వీధికి పోయినా ఒకటే దృశ్యం, అవరెకాయలు ఒక గుట్ట, పచ్చి వేరుశనక్కాయలు ఒక గుట్ట, చెరుకు గడలు గోడకి ఆనించి, వాటి పక్కన మట్టి కూడా సరిగా వదలని గెనుసుగడ్డలు. మాది హిందూపురం వైపు కాబట్టి మేము గెనుసుగడ్డ అంటాం, కన్నడ వాళ్ళ గెణసూ మా గెనుసూ ఒకటే కాబట్టి బేరానికి ఇబ్బంది లేదు. మా పైన రెండో ఫ్లోర్లో ఉండే అమ్మాయిది గుంటూరు, తను చిలగడదుంప అంటుంది. తెలంగాణ వాళ్ళు కందగడ్డ అంటారు, మొరంగడ్డ అంటారు. కోస్తాలో కంద అంటే వేరే దుంప కాబట్టి అక్కడివాళ్ళూ ఇక్కడివాళ్ళూ కలిసి కూరగాయలు కొంటే కాసేపు గొడవే.

ఆ అమ్మాయి మొన్న గిన్నె పట్టుకుని కిందకొచ్చింది. "ఆంటీ, మా అమ్మమ్మ పొయ్యిలో కాల్చిపెడితే బెల్లం ముక్కలా ఉండేది, ఇక్కడ కుక్కర్లో మూడు విజిల్స్ పెట్టాను, చప్పగా నీళ్ళు నీళ్ళుగా ఉంది, ఇక్కడి దుంపలే అంతా?" అని. విచిత్రం ఏంటంటే మేమిద్దరం ఒకే బండి దగ్గర, ఒకే గుట్టలోంచి ఏరుకున్నాం. నేను ఆ రోజు మందపాటి బాణలిలో సిమ్ మీద గంటన్నర పెట్టి కాల్చినవి ఇంకా రెండు మిగిలున్నాయి. ఒకటి విరిచి చేతిలో పెట్టాను. తొక్క చీలిన చోట నల్లటి పాకం కారి గట్టిపడి, వేలికి జిగురుగా అంటుకుంటోంది. తిని "ఇందులో బెల్లం వేశారా?" అంది.

వెయ్యలేదు. ఆ తీపిలో పెద్ద భాగం దుంప కొన్నప్పుడు అందులో లేనే లేదు, నా బాణలిలో తయారైంది. తన కుక్కర్లో తయారవడానికి టైం దొరకలేదు. నేను చెప్పాలనుకున్నది ఇంతే గానీ ఈ "తయారవడం" ఎలాగో తెలిస్తే వదలబుద్ధి కాదు.

పచ్చి గెనుసుగడ్డ కొరికి చూడండి, కాస్త తీపి ఉంటుంది, అది మామూలు చక్కెర, అంటే సుక్రోజ్, దాంతో పాటు కొద్దిగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్. ఉడికిన దుంపలో ఎక్కువగా ఉండే మాల్టోజ్ అనే చక్కెర పచ్చిదాంట్లో దాదాపు ఉండదు. నిదానంగా కాల్చినప్పుడు చాలా రకాల్లో అన్ని చక్కెరల్నీ దాటిపోయేది అదే. అది పిండిపదార్థం తెగితే వస్తుంది, తెంచేది బీటా అమైలేజ్ అనే ఎంజైమ్, అంటే ఇలాంటి మార్పుల్ని చకచకా జరిపించే ఒక ప్రోటీన్. ఈ దుంపలో ప్రోటీన్ ఉండేదే తక్కువ, అందులో మొదటి వాటా స్పోరమిన్ అనేదానిది, రెండో స్థానం ఈ బీటా అమైలేజ్‌ది. అంటే పనివాళ్ళు దండిగా లోపలే కూర్చుని ఉన్నారు. మరి పచ్చిగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టెయ్యొచ్చు కదా?

దీనికి గాంధీబజార్లో పూలమ్మే ఆమె బుట్ట చూడాలి. కట్టిన మల్లెదండని మూరలు మూరలుగా చుట్టి చుట్టి బంతిలా చేసి తడిగుడ్డ కింద పెడుతుంది. ఒక్కో పువ్వు ఒక గ్లూకోజ్ అనుకోండి. దండ పొడవునా వందలు, వేల పూలు, అదే పిండిపదార్థం, అంటే స్టార్చ్. పచ్చి దుంపలో ఆ దండలన్నీ ఇలాగే బిగుతుగా చుట్టిన బంతులుగా, స్టార్చ్ రేణువులుగా ఉంటాయి. బీటా అమైలేజ్‌ని ఒక చిన్నపిల్ల అనుకోండి, దండ కొన దగ్గర కూర్చుని రెండేసి పూలు తెంపుతుంది. ఒకటి కాదు, మూడు కాదు, ప్రతిసారీ రెండే. ఆ రెండు పూల జతే మాల్టోజ్. మధ్యలోంచి తెంపడం ఆ పిల్లకి చేతకాదు, కొన దొరకాలి. బంతిలో కొనలన్నీ లోపల చిక్కుకుని ఉంటే ఏం తెంపుతుంది, చుట్టూ తిరుగుతుందంతే.

ఇప్పుడు వేడి పెట్టండి. సుమారు 60 డిగ్రీలు దాటాక దుంపలో ఉన్న నీళ్ళే రేణువుల్లోకి దూరి బంతి ఉబ్బుతుంది, వదులవుతుంది, దండలు విడిపోయి వేలాడతాయి. రకాన్ని బట్టి ఇది 60 నుంచి 75 మధ్య జరుగుతుంది. గంజి చిక్కబడ్డం అంటే ఇదే. కొనలు బయటికొచ్చాయి, పిల్ల పని మొదలెట్టింది, వేడి వల్ల చేతులు కూడా చకచకా ఆడుతున్నాయి. కానీ ఆ వేడే ఇంకాస్త పెరిగి 80 దగ్గరికి వచ్చిందా, ఎంజైమ్ ఆకారం చెడిపోతుంది, పని ఆగిపోతుంది, తర్వాత చల్లార్చినా మళ్ళీ లేవదు. అంటే తక్కువ వేడిలో దండ విప్పుకోదు, ఎక్కువ వేడిలో తెంపేది ఉండదు. మధ్యలో ఆ 15, 20 డిగ్రీల సందు ఒకటే ఉంది. దుంపలో ప్రతి ముక్కా ఆ సందులో ఎన్ని నిమిషాలు ఉంటే అంత తీపి.

కుక్కర్‌లో విజిల్ వచ్చేసరికి లోపల 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. దుంప బయటి భాగం ఆ సందుని నిమిషాల్లో దూకేస్తుంది. ముక్కలు కోసి వేస్తే మరీ ఘోరం, ఎందుకంటే వేడి లోపలికి చేరే టైం మందానికి మామూలు లెక్కలో పెరగదు, మందం రెండింతలైతే టైం సుమారు నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. తిప్పి చూస్తే అంగుళంన్నర దుంపని అరంగుళం ముక్కలు చేస్తే సందులో ఉండే టైం తొమ్మిదో వంతుకి పడిపోయింది. మైక్రోవేవ్ కూడా ఇంతే, ఐదారు నిమిషాల్లో లోపలా బయటా కలిపి వేడెక్కించేస్తుంది, మెత్తగా అవుతుంది, తీపి రాదు. జపాన్ వాళ్ళు వేడి గులకరాళ్ళ మధ్య పెట్టి నిదానంగా కాల్చి బండి మీద అమ్ముతారు, ఆ రుచికి వాళ్ళకి చలికాలం మొత్తం పిచ్చి. వాళ్ళే క్విక్ స్వీట్ అని ఒక రకం తయారుచేశారు, దాంట్లో స్టార్చ్ మామూలు కంటే దాదాపు 20 డిగ్రీలు తక్కువలోనే విప్పుకుంటుంది, కింది వైపు గోడ వెనక్కి జరిగి సందు వెడల్పయింది కాబట్టి మైక్రోవేవ్‌లో పెట్టినా తియ్యగా వస్తుంది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నిద్ర పట్టలేదు, దుంప తీపి పెంచడానికి చక్కెర ముట్టుకోకుండా స్టార్చ్ విప్పుకునే డిగ్రీ మార్చారు!

పూలదండ దగ్గరికి మళ్ళీ వస్తాను, ఇంకా అయిపోలేదు. స్టార్చ్‌లో రెండు రకాల దండలుంటాయి. అమైలోజ్ సూటి దండ, దాన్ని కొన నుంచి దాదాపు చివరిదాకా తెంపేయొచ్చు. ఎక్కువ భాగం ఉండేది మాత్రం అమైలోపెక్టిన్, అంటే కొమ్మలు కొమ్మలుగా కలిపి కట్టిన దండ. కొమ్మలున్నాయి కాబట్టి కొనలు బోలెడు, ఒక్కో కొన దగ్గర ఒక్కో పిల్ల కూర్చోవచ్చు, అందుకే పని అంత వేగం. కానీ కొమ్మ కలిసే ముడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవాల్సిందే, ముడి విప్పడం దానికి రాదు. అందుకే ఎంత నిదానంగా కాల్చినా మొత్తం స్టార్చ్ చక్కెర అయిపోదు, అమైలోపెక్టిన్‌లో సగానికి కాస్త ఎక్కువ తెగుతుంది, మిగతాది ముడులతో మొండిగా మిగిలి నోట్లో ఆ మెత్తటి జిగురుతనాన్ని ఇస్తుంది. ఇంకో పనివాడున్నాడు, ఆల్ఫా అమైలేజ్, అతని చేతిలో కత్తెర. దండ మధ్యలో ఎక్కడపడితే అక్కడ కత్తిరిస్తాడు. కత్తిరించిన ప్రతిచోటా కొత్త కొన పుడుతుంది, పిల్లకి కొత్త పని దొరుకుతుంది. పచ్చి దుంపలో ఈ కత్తెరవాడి బలం తక్కువ, తవ్విన తర్వాత నిలవ ఉంచేకొద్దీ పెరుగుతుంది. తవ్విన రోజే తింటే పిండి పిండిగా ఉంటుంది, పది రోజులు ఆరనిస్తే బాగుంటుందని రైతులు అనేది ఉత్త మాట కాదు.

ఆలుగడ్డని ఎంతసేపు సిమ్‌లో పెట్టినా ఇలా తియ్యబడదు, బంతులు విప్పుకుంటాయి గానీ తెంపేవాళ్ళు చాలా తక్కువ. రెంటినీ ఒకే తట్టలో పెట్టి అమ్ముతారు గానీ అవి దగ్గరి చుట్టాలు కావు, ఆలు కాండం, గెనుసు వేరు. గెనుసు తీగ పువ్వు చూస్తే తూటికూర పువ్వుకి అక్కలా ఉంటుంది, రెండూ ఒకే కుటుంబం.

మా అవ్వ సాయంత్రం వంట దించేసి, కట్టెలు బయటికి లాగేసి, మిగిలిన బూడిదలో గెనుసుగడ్డలు పూడ్చేది. మంట మీద పెడితే తిట్టేది. బూడిద వేడిని ఆపి ఆపి లోపలికి పంపుతుంది, నిప్పు చల్లారుతూ ఉంటుంది, రాత్రి భోజనాలయ్యాక తవ్వి తీస్తే చేతికి కాలదు. ఇప్పుడు జనం దీన్ని కట్టెల పొయ్యి మహిమ అంటారు, మట్టి పాత్ర మహిమ అంటారు, గ్యాస్ మీద వండితే సారం పోతుందంటారు. నాకు బాధ ఎక్కడంటే, ఈ మహిమ అనే మాట అవ్వ తెలివిని మాయం చేస్తోంది. ఆమె చేతిలో థర్మామీటర్ లేదు, ఎంజైమ్ అనే మాట తెలియదు, కానీ ఎప్పుడు పూడ్చాలో ఎంతసేపు ఉంచాలో ఏళ్ళ తరబడి గమనించి పట్టుకుంది. అది గమనింపు, పొయ్యి దయ కాదు. అదే గమనింపు గ్యాస్ మీదా పనికొస్తుంది.

స్కూల్లో మనకి అమైలేజ్ పాఠం ఎలా చెప్పారు? అన్నం నమలండి, తియ్యగా అవుతుంది, లాలాజలంలో ఎంజైమ్ ఉంది, అయిపోయింది, రాసుకోండి. ఎవరికీ పెద్ద తీపి తెలియలేదు, అందరం తెలిసినట్టు తలూపాం. నేను కొన్నేళ్ళు పిల్లలకి సైన్స్ చెప్పాను, అప్పుడు ఈ దుంప తట్టలేదే అని ఇప్పుడు బాధ. ఒకే గడ్డని నిలువునా కోసి, సగం ముక్కలు చేసి మరిగే నీళ్ళలో, సగం అలాగే నిదానంగా ఉడికించి తినిపించండి, పాఠం నాలుక మీదే ఉంటుంది. దెబ్బలకి పూసే అయోడిన్ మందు ఒక చుక్క పచ్చి ముక్క మీద వేస్తే కళ్ళ ముందే నీలం నలుపు, అది స్టార్చ్ చెప్పే సాక్ష్యం. (మందు వేసిన ముక్క తినకూడదు, పిల్లలకి ముందే చెప్పాలి.)

సరే, ఇంట్లో ఎలా? నేను చేసేది రెండు దశలు. గడ్డలు కోయకుండా తొక్కతోనే చన్నీళ్ళలో వేసి, చాలా చిన్న మంట. నీళ్ళలో వేలు పెట్టలేనంత వేడి ఉండాలి, గిన్నె అడుగున సన్న బుడగలు కనిపించాలి, మరుగు రాకూడదు. అలా ముప్పావు గంట, లావు గడ్డలైతే గంట. ఇక్కడ చాలామంది చేసే తప్పు, తియ్యబడింది కదా అని అక్కడే దించేస్తారు. గట్టిగా ఉంటుంది. కణాల మధ్య జిగురులా ఉండే పెక్టిన్ కరగాలంటే 80, 85 దాటాలి, పైగా 60 దగ్గర ఎక్కువసేపు ఉంచితే పెక్టిన్ ఇంకాస్త బిగుసుకుంటుంది. కాబట్టి రెండో దశలో మంట పెంచి బాగా మరిగించి మెత్తబరచాలి. బెంగుళూరు సముద్రానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి, దానికేం నష్టం లేదు. నాకైతే రెండో దశ నీళ్ళలో కాకుండా బాణలిలో ఇష్టం, తడి ఆరిపోయి తీపి చిక్కబడుతుంది, తొక్క కింద చక్కెర మాడీ మాడక ఆ పాకం వాసన వస్తుంది. ఆ వాసనలో మాల్టాల్ అనే పదార్థం ఉంది, వీధి చివరికి తెలుస్తుంది.

పులుసు పెట్టేవాళ్ళకి ఒక మాట. ముక్కలు మెత్తబడ్డాకే చింతపండు రసం పోయండి. పులుపులో పెక్టిన్ త్వరగా కరగదు, ముందే పోస్తే గంట ఉడికినా ముక్క నోట్లో కరకరమంటుంది. మా అత్తగారింట్లో మొదటి సంక్రాంతికి నేను చేసిన పులుసు అలాగే అయింది, ఎందుకో అప్పుడు తెలియదు.

ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ఇది వేడి దేశపు పంట, 10 డిగ్రీల కిందకి పోతే లోపల దెబ్బతింటుంది, తర్వాత ఎంత ఉడికించినా మధ్యలో గట్టి గుజ్జు మిగులుతుంది. నిలవకి మంచిది 13 నుంచి 15, మన జనవరి రాత్రులు దాదాపు అంతే కాబట్టి గాలి ఆడే బుట్టలో వంటింటి మూల చాలు. పురుగు తొలిచిన గడ్డ ఉంటే ఆ ముక్క కోసేసి మిగతాది వండుదామని చూడకండి, దుంప పురుగుని తట్టుకోవడానికి చేదు పదార్థాలు తయారుచేసుకుంటుంది, అవి ఉడికించినా పోవు, మంచివి కావు, గిన్నెలో మిగతావాటికి కూడా ఆ కంపు పడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకి కాల్చినవాటి కంటే ఉడికించినవే నయం, నేను ఇంతసేపు పొగిడిన మాల్టోజ్ రక్తంలో చక్కెరని గబుక్కున పెంచుతుంది, మా ఆయనకి సగం గడ్డే, అదీ నీళ్ళలో ఉడికించిందే ఇస్తాను.

ఇదంతా విని పై ఫ్లోర్ అమ్మాయి "నా దగ్గర గ్యాస్ అయిపోయింది ఆంటీ, ఇప్పుడు కరెంట్ కుక్కర్ ఒక్కటే" అంది. నేను కాసేపు ఆలోచించి, దాంట్లో అన్నం వేడిగా ఉంచే వార్మ్ బటన్ ఉంది కదా అన్నాను. ఆ బటన్ చాలా కుక్కర్లలో 65, 70 డిగ్రీల చుట్టుపక్కలే పట్టుకుంటుంది, సరిగ్గా మన సందులో! చిన్న గడ్డలు మూడు, మునిగీ మునగనట్టు వేడినీళ్ళు, గంటసేపు వార్మ్, తర్వాత కుక్ నొక్కి నీళ్ళు ఇంకిపోయేదాకా. మర్నాడు రాత్రి తొమ్మిదింటికి తలుపు కొట్టింది, చేతిలో ప్లేటు, మధ్యకి కోసిన గడ్డ. కత్తి పైకి లేపితే సన్నటి తీగ సాగింది.